పేరు పక్కన చెయ్యి

సెక్టర్ 4, భిలాయి
ఆగస్టు 11

ప్రియమైన ఫ్లోరాకి,

వదిన వందనాలు. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నీ పేరు ఫోను మీద కనబడితే చాలు, మీ అన్నయ్య "స్పీకర్లో పెట్టు, నేనూ ఇంటాను" అంటారు. ఆయన గురించి ఆయన ముందే నీతో ఏం చెప్పను? నువ్వు కూడా జవాబు ఉత్తరంగానే రాయి. పోస్టుమ్యాన్ వచ్చే వేళకి ఆయన డ్యూటీలో ఉంటారు.

నువ్వు పంపిన ఆట పెట్టె చేరింది. పక్క క్వార్టరు వందన వచ్చి టీవీకి తగిలించి ఇచ్చింది. మే నెలలో మెదడుకి రక్తం అందక పడిపోయిన దగ్గరనుంచి ఆయనకి రెండు కళ్ళలోనూ ఎడమవైపు సగం కనబడడం లేదని నీకు తెలుసు. ఇది కళ్ళద్దాలతో పోయేది కాదనీ, ఇక స్కూటరు కూడా నడపకూడదనీ డాక్టరు చెప్పారు. ప్లాంటులో క్రేను మీద నుంచి దింపి టూల్ రూములో కుర్చీ ఇచ్చారు. దానికి ఆయనేమీ అనలేదు. కానీ మన సంఘం వ్యాను తాళాలు మరియదాసు అన్నగారికి ఇచ్చి వచ్చిన ఆదివారం మాత్రం అన్నం ముట్టలేదు. సండే స్కూలు పిల్లల్ని ఇన్నేళ్ళూ ఇంటింటికీ వెళ్ళి ఎక్కించుకొచ్చిన మనిషి కదా.

ఆట ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయమన్నావు. కొత్త మిక్సీ కొన్నా దాని పుస్తకం చివరి పేజీ దాకా చదివే దాన్నని నీకు తెలుసు. ఈ 'నైట్రో గల్లీ' బండి పందేల ఆటని కూడా అలాగే చూశాను.

మంచిదేమిటంటే, కూర్చున్న నిమిషానికే బండి కదులుతుంది. క్లచ్చు, గేరు అనే గొడవ లేదు. రంగులు కంటికి హాయిగా ఉన్నాయి, డప్పు దరువుకి కాళ్ళు కదులుతాయి. గోడకి కొట్టుకున్నా బండి ఆగదు, కాస్త తడబడి మళ్ళీ పరుగందుకుంటుంది. కాలవలో పడితే పైనుంచి ఎవరో ఎత్తి రోడ్డు మీద పెట్టినట్టు పెడుతుంది. ఒక్కసారి కిందపడిన మనిషికి అంతకన్నా ఓదార్పు ఏం కావాలి?

నచ్చనిదేమిటంటే, బ్రేకు అనేది ఒకటుందని ఈ ఆటకి గుర్తే లేదు. రోడ్డు పక్క పళ్ళ బండ్లు, టీ కొట్లు ఉంటాయి. వాటిని గుద్దితే పళ్ళు ఎగిరిపడి పాయింట్లు వస్తాయి! గుద్దినవాడికి బహుమతి ఏమిటమ్మా? నాలుగు రోడ్లు తిరిగేసరికి కొత్తదనం కూడా అయిపోయింది.

మొదటి వారం మీ అన్నయ్య అన్నిట్లోనూ వెనకే. ఒకరోజు చేతిలోని ఆట రిమోటు దివాను మీద విసిరికొట్టి, "తీసెయ్యే ఇది, పిల్లలాట" అన్నారు. ఇప్పుడు అలవాటు పడ్డారు. గెలుస్తున్నారు. డ్యూటీ నుంచి రాగానే టీ కూడా తాగకుండా కూర్చుంటున్నారు.

ఒంట్లో బాగానే ఉంది. నిన్న భోజనం దగ్గర "ఆవకాయ వెయ్యలేదేటే?" అన్నారు. వేసే ఉంది, పళ్ళెంలో ఎడమవైపున. నేను పళ్ళెం తిప్పాను. తిన్నారు.

నీ వదిన,
భాగ్యవతి


బొబ్బిలి
ఆగస్టు 19

వదినమ్మా,

ఉత్తరం చూసి ఎంత సంబరపడ్డానో! మా హెచ్చెమ్ గారు "ఏటి ఫ్లోరా మేడమ్, ఈ వయసులో ప్రేమలేఖా?" అంటే, "అవును సార్, మా వదిన రాసింది" అన్నాను. స్టాఫ్ రూమంతా ఒకటే నవ్వు.

ఆదివారం మధ్యాహ్నాలు నేనూ అన్నయ్యా నెట్‌లో పోటీ ఆడుతున్నామని నువ్వు చూస్తూనే ఉన్నావు కదా. నిన్న నన్ను ఉతికి ఆరేశాడు. ఫోనులో ఒకటే గోల, "ఒలే, లెక్కల టీచరూ, నీ బండి ఎక్కడే? అద్దంలో కూడా కనబడ్డం లేదేటి?" అని. ఆ గొంతు విని ఎన్నాళ్ళైంది వదినా! ఫోను పెట్టేసి కాసేపు ఏడ్చుకున్నాను.

నువ్వు రాయని లోపం ఒకటి నేను పట్టాను. మనం వెనకబడితే ఆటలోని మిగతా బండ్లు నెమ్మదిస్తాయి. ముందుకెళ్తే తరుముకొస్తాయి. ఎవడూ మరీ ఓడిపోయి ఆట మానెయ్యకుండా ఈ ఏర్పాటట. నాకు భిలాయి క్యాంప్ 1లో మా ఇంటి గల్లీలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు సైకిలు టైర్లు దొర్లించుకుంటూ పరిగెత్తేవాళ్ళం. నేను వెనకబడితే అన్నయ్య ఏదో చెప్పులో ముల్లు గుచ్చుకున్నట్టు ఆగి వంగేవాడు. నేను దాటిపోయేదాన్ని. గెలిచానని నాన్నకి చెప్పుకునేదాన్ని. పెద్దయ్యాక గానీ తెలియలేదు ఆ ముళ్ళ సంగతి.

అయితే ఒక మాట. ఎడమవైపు నుంచి వచ్చే బండ్లని కూడా తప్పించుకుంటున్నాడంటే చూపు వచ్చినట్టే కదా? డాక్టర్లకి అన్నీ తెలుస్తాయా ఏమిటి! మే నెల నుంచి సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదు. నువ్వు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పు వదినా. నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు.

ఫ్లోరా


సెక్టర్ 4, భిలాయి
ఆగస్టు 27

ఫ్లోరాకి,

నువ్వు రాసినట్టే మొన్న ఆదివారం సాక్ష్యం చెప్పాను.

నేను చెప్పాలనుకోలేదు. నీ మాట మీ అన్నయ్య చెవిన కూడా ఫోనులో వేశావు కాబోలు, వారమంతా ఆయనే గుర్తు చేశారు. ఆరాధనలో పాస్టరు అయ్యగారు "మేలు పొందినవారెవరైనా ఉన్నారా?" అనగానే మీ అన్నయ్య పురుషుల వైపు నుంచి నాకేసి చూశారు. లేచాను. మే నెల సంగతి చెప్పాను. ఆట సంగతి చెప్పాను. "ప్రభువు ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు, కనబడని వైపు కూడా ఇప్పుడు తప్పించుకుంటున్నారు" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో తులసమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఆరాధన అయ్యాక మరియదాసు అన్నగారు జేబులోంచి వ్యాను తాళాలు తీసి, "ఇవి నా జేబులో బరువైపోనాయి బ్రదరూ. నీ సొత్తు నీకే" అని అందరి ముందూ ఆయన చేతిలో పెట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

ఇంజను చెడి వ్యాను ఇంకా పవర్ హౌస్ పేటలో మెకానిక్ షెడ్డులో ఉంది. ఇంజను పని అయ్యాక తెచ్చి, అక్టోబరు మొదటి ఆదివారం ప్రార్థన చేసి పిల్లల్ని ఎక్కిస్తారట. ఈలోగా మీ అన్నయ్య రోజూ ఆ తాళాలు తుడుస్తున్నారు. తాళాల్లో తుడిచేందుకు ఏముంటుంది?

సాక్ష్యంలో ఆవకాయ సంగతి నేను చెప్పలేదు. ఇప్పుడు రోజూ పళ్ళెం తిప్పుతున్నాను. ఆయనకి తెలియకుండా, మజ్జిగ పోసే వంకతో.

ఈసారి ఇంతే. బట్టలు ఆరేసుకోవాలి.

భాగ్యవతి


బొబ్బిలి
సెప్టెంబరు 4

వదినా,

ఒక్కటే అడగడానికి రాస్తున్నాను.

ఆట అయ్యాక ఫలితాల పట్టీ వస్తుంది కదా, అందులో అన్నయ్య పేరు పక్కన చిన్న చెయ్యి బొమ్మ ఉంటుంది. నా పేరు పక్కన ఉండదు. మా స్కూల్లో కంప్యూటర్లు చెప్పే మేడమ్‌ని అడిగాను. బండి రోడ్డు తప్పబోతే ఆటే స్టీరింగు తిప్పి సర్దే సాయం ఒకటి ఉంటుందట. అది పెట్టుకున్నవాళ్ళ పేరు పక్కన ఆ చెయ్యి పడుతుందట.

అన్నయ్యకి ఇంగ్లీషు మెనూలు వెతికే ఓపిక లేదు. అది ఎవరు పెట్టారు? ఆయనకి తెలుసా?

ఫ్లోరా


సెక్టర్ 4, భిలాయి
సెప్టెంబరు 10

ఫ్లోరా,

నేనే పెట్టాను. ఆయనకి తెలియదు.

ఆయన విసిరికొట్టిన మర్నాడు, డ్యూటీకి వెళ్ళాక, ఆటలో ఉన్న సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరిచి చదివాను. 'స్టీరింగ్ సాయం' అని కనబడింది. పెట్టి నేనే ఆడి చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నా బండి మలుపు తిరుగుతోంది! నవ్వొచ్చింది కూడా. ఒక్క రోజుకే అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన గెలిచారు. లేచి నిలబడి "సూసినావా భాగ్యం!" అన్నారు. మే నెల తరవాత నన్ను భాగ్యం అని పిలవడం అదే మొదలు. ఇక తీసెయ్యలేకపోయాను.

ఆట మీద నీకు రాసిన మంచీ చెడ్డల్లో ఇది రాయలేదు. మంచి కింద రాయాలో చెడ్డ కింద రాయాలో తేలక కాదు. రాస్తే నువ్వు అడుగుతావని. సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ఒక్కొక్క మాటా ఏరుకునే చెప్పాను. "తప్పించుకుంటున్నారు" అన్నది నిజమే కదా, అని లోపల సర్దిచెప్పుకున్నాను. సరుకుల లెక్కలో ఇలాంటి సర్దుబాటు ఎవరైనా చేస్తే వాళ్ళని గుమ్మం ఎక్కనివ్వను.

ఇంకొకటి కూడా రాయాలి. శనివారం వ్యాను తయారైందని మెకానిక్ ఫోను చేస్తే, ఆపలేక, నేనూ వెంట వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే నడిపారు. నేను ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. పవర్ హౌస్ మార్కెట్ దాటే చోట ఒకతను జామకాయల ఠేలా బండి తోసుకుంటూ రోడ్డు అంచునే వెళ్తున్నాడు. నాకు కనబడుతూనే ఉన్నాడు. ఆయన చూసి తప్పిస్తారని ఎదురుచూశాను. ఫ్లోరా, నేను ఎదురుచూశాను. నేను "ఎడమ!" అని అరిచేసరికి తగిలేసింది. ఠేలా పక్కకి ఒరిగి జామకాయలన్నీ రోడ్డు పాలు. దేవుని దయ, అతను తప్పుకున్నాడు.

మీ అన్నయ్య దిగి "అరె భాయ్, బీచ్ మే కాయ్‌కు ఆతా?" అని, మధ్యలోకి ఎందుకొస్తావన్నట్టు అతని మీదే కేకలేశారు. అతను నాకేసి తిరిగి, "భాభీ, భయ్యా నే దేఖా హీ నహీ" అన్నాడు. చూడనే లేదట. అంతే అన్నాడు, గొంతు కూడా ఎత్తలేదు. నేను జామకాయలు ఏరి, నష్టం ఇచ్చి, వ్యాను ఎక్కాక, ఆయన "వాడిదే గదా తప్పు?" అని అడిగారు.

"అవునండీ, వాడిదే" అన్నాను.

ఆటలో ఠేలా గుద్దితే పాయింట్లిస్తారని నీకు ఫిర్యాదు చేసిందాన్ని నేనే.

అక్టోబరు మొదటి ఆదివారం ఆ బండిలో పిల్లలుంటారు. దిగే తలుపు ఎడమ పక్కే. నేను చెప్పలేను ఫ్లోరా. చెబితే ఆయన మళ్ళీ మే నెలలోకి వెళ్ళిపోతారు. నువ్వు చెల్లెలివి, నీ నోటితో చెబితే అంత దెబ్బ అనిపించదు. లేకపోతే మరియదాసు అన్నగారికి ఫోను చేసి, నా పేరు రాకుండా, డాక్టరు వద్దన్నాడట అని ఒక మాట అనరాదూ?

భాగ్యవతి


బొబ్బిలి
సెప్టెంబరు 16

భాగ్యవతి వదినకి,

నేను చెప్పను. మరియదాసు అన్నకీ ఫోను చెయ్యను.

నీ ఉత్తరం చదివి మొదట కోపంతో రెండు పేజీలు రాశాను. "పిల్లల ప్రాణాలతో ఆటలా, లెక్కలు రాసే చెయ్యి వణకలేదా" అని ఏమేమో రాశాను. చింపేశాను. ఎందుకంటే నిన్ను అడిగే ముఖం నాకు లేదు.

ఆ చెయ్యి బొమ్మ నేను సెప్టెంబరులో చూడలేదు వదినా. మేము ఆడిన మొదటి ఆదివారమే చూశాను. మా మేడమ్‌ని అడిగిందీ అప్పుడే. తెలిసే నీకు సాక్ష్యం చెప్పమని రాశాను. అన్నయ్యకి ఫోనులో నూరిపోసిందీ నేనే. సాయం ఉన్నా కొంత చూపు కూడా వచ్చి ఉంటుందిలే, నువ్వు దగ్గరుండి చూస్తున్నావు, ఏమైనా తేడా ఉంటే నువ్వే ఆగుతావు అనుకున్నాను. నువ్వేమో నేను అంత గట్టిగా చెబుతున్నానని లేచావు. ఒకరి మీద ఒకరం ఆనుకుని ఇద్దరం అబద్ధంలో నిలబడ్డాం. తాళాలు ఇచ్చారని నువ్వు రాశాక భయమేసి, అప్పుడే చూసినట్టు నటించి నిన్ను నిలదీశాను.

చిన్నప్పుడు అన్నయ్య నా కోసం ముల్లు గుచ్చుకున్నట్టు ఆగేవాడన్నాను చూడు, అది తెలిసిన రోజున ఎంత సిగ్గుపడ్డానో నీకు రాయలేదు. గెలిపించినందుకు కృతజ్ఞత రాలేదు. నేను పరిగెత్తలేనని అందరికీ ముందే తెలుసన్నమాట, నాకు తప్ప, అనిపించింది. అన్నయ్యకి ఇప్పుడు అలాగే ఉంటుంది. ఉండనీ. అయినా చెప్పాలి. సాయం పెట్టిన చేతితోనే తియ్యాలి. నేను చెబితే నీ మీద నేరం చెప్పినట్టవుతుంది. అప్పుడు ఆయనకి ఇంట్లో ఎవరున్నారు?

నువ్వు చెప్పేదాకా ఆదివారం ఆటకి రాను. పరీక్ష పేపర్లున్నాయని చెప్తాను. ఇదొక్కటీ నా ఆఖరి అబద్ధం.

ఫ్లోరా


సెక్టర్ 4, భిలాయి
అక్టోబరు 8

ఫ్లోరాకి,

నీ ఉత్తరం అందాక కూడా కొన్నాళ్ళు జాప్యం చేశాను. జ్వరమొచ్చినట్టు పడుకున్నాను కూడా. చివరికి ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చే ముందు సాయం తీసేసి, టీ పెట్టి కూర్చున్నాను.

ఆయన వచ్చి ఎప్పటిలాగే ఆట మొదలుపెట్టారు. మొదటి మలుపులోనే బండి ఎడమ గోడకి ఆనుకుపోయింది. లాగారు. మళ్ళీ ఆనుకుంది. ఒక టీ కొట్టు ఎగిరిపడింది.

"ఏటే, దీనికేటైంది? పాడైపోనాదేటి?"

"పాడవలేదండీ."

"మరి నిన్నటి దాకా ఎలగ నడిచింది?"

"నిన్నటి దాకా మీరొక్కరే నడపలేదు. రోడ్డు తప్పితే సర్దే సాయం ఒకటుంది. నేనే పెట్టాను, మొదటి వారం నుంచీ. ఇప్పుడు తీసేశాను. పవర్ హౌస్ దగ్గర ఠేలా అతనిది కూడా తప్పు కాదు. అతను అంచునే ఉన్నాడు. నేను చూశాను."

ఆట పాట మోగుతూనే ఉంది. ఆయన టీవీ వైపే చూస్తూ, "ఇంకెవులికి తెలుసు?" అన్నారు.

"ఫ్లోరాకి."

"అంటే అందరూ కలిసి నన్ను పసిపిల్లాణ్ణి చేసి ఆడించినారు."

"అందరూ కాదు. నేను."

అప్పుడు నాకేసి తిరిగారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "నా కళ్ళు నాకేటీ చెప్పలేదే భాగ్యం. కనబడతంది అని నా కళ్ళు ఏనాడూ చెప్పలేదు. సర్చిలో నువ్వు చెప్పినావని నమ్మినాను. పాలవాడి లెక్కలో రూపాయి తేడా వస్తే నిద్దరపోని మనిషి చెప్తంది, తప్పుంటదా, అనుకున్నాను" అన్నారు.

నేను చల్లారిన టీ తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేశాను.

ఆ రోజు నుంచి టిఫిన్ డబ్బా ఇస్తే తీసుకునేవారు, ఖాళీది గట్టు మీద పెట్టేవారు, అంతే. తరవాతి ఆదివారం చర్చికి రానన్నారు. ఒక్కదాన్నే ఆటోలో క్యాంప్ 1లోని చర్చికి వెళ్ళాను. అయ్యగారు సాక్ష్యాలు అడిగినప్పుడు లేచాను. ఆగస్టులో నేను చెప్పింది నిజం కాదనీ, ఆయనకి ఎడమవైపు కనబడడం లేదనీ, ఆ సంగతి తెలిసీ చెప్పాననీ, ఆయన నా మాట నమ్మారే గానీ ఆయన తప్పేమీ లేదనీ చెప్పి కూర్చున్నాను. ఆమెన్ ఎవరూ అనలేదు. నీ పేరు నేను ఎత్తలేదు. నువ్వు నీ సంగతి మీ అన్నయ్యకే చెప్పుకో.

బయట తులసమ్మ గారు నా దగ్గరికొచ్చి, "మా మనవరాల్ని ముందు సీట్లో కూకోబెడదామనుకున్నాను భాగ్యవతీ, ఆ ఎడమ పక్క సీట్లోనే" అన్నారు. ఎప్పుడూ నా చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి. ఆ రోజు పట్టుకోలేదు. పట్టుకోమని నేను ఎలా అడగను?

సాయంత్రం మరియదాసు అన్నగారు ఇంటికొచ్చారు. వాన గురించి, రైళ్ళ ఆలస్యం గురించి, అన్నీ మాట్లాడుతున్నారే గానీ తాళాల మాట ఎత్తలేకపోతున్నారు. మీ అన్నయ్యే లోపలికి వెళ్ళి తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"బ్రదరూ, నేను అందుకు రాలేదు..."

"అందుకే వచ్చినావు. తీసుకో. గిరీష్‌కి ఇయ్యి, మన సంఘం కుర్రాడే, జోరు చేస్తాడు గానీ కళ్ళు మంచివి. రెండో గేరు కొంచెం పట్టేస్తది, బలవంతం చెయ్యొద్దని చెప్పు."

మొన్న ఆదివారం గిరీషే నడిపాడు. వ్యాను మా గేటు ముందు ఆగినప్పుడు మీ అన్నయ్య ఎక్కి, గిరీష్ వెనక కుడి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఎడమ పక్కకి చూడలేదు. పిల్లలు "అంకుల్, అంకుల్" అన్నారు. ఆయన గిరీష్ భుజం తట్టి, "స్లో, స్లో" అన్నారు. నేను వెనక సీట్లో తులసమ్మ గారి మనవరాలి పక్కన కూర్చున్నాను.

నీకు ఇంకో సంగతి. ఆటలో సాయం తీసేశాను కదా, ఆయన మళ్ళీ ముట్టరనుకున్నాను. నిన్న వాకిట్లో మిరపకాయలు ఎండబెట్టి లోపలికొచ్చేసరికి పాట వినబడింది. ఆడుతున్నారు. తల మొత్తం ఎడమకి తిప్పి చూసి, మళ్ళీ ముందుకి చూసి, మళ్ళీ తిప్పి. అందరికన్నా ఆఖర్న వచ్చారు. ఆ ఆటలో బండ్లు ఎంత నెమ్మదించినా అందుకోలేకపోయారు. "ఫ్లోరాని రమ్మను ఆదివారం. ఆగొద్దని చెప్పు" అన్నారు. నాతో కాదు, టీవీతో అన్నట్టు అన్నారు. అందుకని రాస్తున్నాను. రా. ఆగకు.

నన్ను క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. భాగ్యం అని కూడా ఆ సాయంత్రం తరవాత పిలవలేదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం వడ్డించి, పళ్ళెం తిప్పకుండా ఎదురుగా కూర్చున్నాను. చేతులు ఊరుకోవు, ఒళ్ళో పెట్టి అదిమి పట్టుకున్నాను. కుడివైపు అన్నం అయిపోయింది. ఆయన కాసేపు ఆగారు. తరవాత వేలితో పళ్ళెం అంచు పట్టుకుని, తనే మెల్లగా తిప్పుకున్నారు.

"ఆవకాయ ఉంది గదే" అన్నారు.

నీ వదిన,
భాగ్యవతి